బొమికలంటే ఇష్టం

పాపకి అన్నం కలిపి గిన్నెలో పెట్టి మూత వెయ్యాలి. నిద్రలేచాక తాగడానికి పాలు కాచి చల్లార్చాలి. మిషన్లో తిరిగిన బట్టలు తీసి ఆరెయ్యాలి, ఆయన తెల్ల చొక్కా మాత్రం విడిగా, నీడలో. ఆయన నీలం చొక్కాకి ఊడిన గుండీ కుట్టాలి. బాత్‌రూమ్ కడగాలి, ఎందుకంటే తిరిగొచ్చేటప్పుడు స్నేహితులెవరైనా కాఫీకి లోపలికి రావచ్చు. వస్తే కప్పులు సరిపోవాలి, చెవి విరిగిన కప్పుని వెనక్కి జరపాలి. హోటల్‌కి ఫోన్ చేసి టేబుల్ ఖాయం చేసుకోవాలి, కిటికీ పక్కన కాదు, ఏసీ కింద, ఎందుకంటే ఆయన స్నేహితుడు దొరకి చెమటెక్కువ. ల్యాబ్‌కి ఫోన్ చేసి ఆదివారం డ్యూటీ అమ్మాయి వచ్చిందో లేదో కనుక్కోవాలి. అమ్మకి కొత్త గ్యాస్ పొయ్యి ఎలా ఆపాలో ఇంకోసారి చూపించాలి. అమ్మని చూసినప్పుడు ఆయన మొహం ఎలా పెడతాడో చూడకుండా ఉండాలి. ఇవన్నీ అయ్యాక, టైముంటే, తను తయారవ్వాలి.

ఇంత హడావిడీ ఎందుకంటే, ఆ రోజు మధ్యాహ్నం పార్టీ ఆమెకే. ఆమె పనిచేసే ల్యాబ్‌లో ఆమెని ఇన్‌చార్జిని చేశారు.

రక్తపరీక్షలు చేసే ల్యాబ్ అది. పగలంతా సూదులు, సీసాలు, చెయ్యి చాపి మొహం పక్కకి తిప్పుకునే మనుషులు. ఆ పనిలో ఆమెని మించినవాళ్ళు లేరని అందరికీ తెలుసు, కానీ ఇన్‌చార్జి కుర్చీ మాత్రం ఆమె నేర్పించిన కుర్రాళ్ళకి ఒకరి తర్వాత ఒకరికి వెళ్ళింది. చివరికి కుర్రాళ్ళెవరూ మిగలక ఆమె దాకా వచ్చింది. ఆ ఉత్తర్వు చేతికిచ్చిన పెద్ద డాక్టరు, "శభాష్ అమ్మాయ్, ఈ సంతోషంలో అందరికీ నీ చేత్తో మంచి టీ పెట్టు" అన్నాడు. ఆమె పెట్టింది. పెట్టి, తాగాక కప్పులు కూడా తనే కడిగింది. కడుగుతుంటే తన మీద తనకే ఒళ్ళు మండింది, కానీ చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. చేతులకి అలవాటైన పని ఆపడం ఎంత కష్టమో ఆడవాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఇంటికొచ్చి చెప్తే ఆయన నిజంగానే సంతోషించాడు. "మనవాళ్ళకి ట్రీట్ ఇద్దాం. ఈ నెల కొవ్వు సంఘం మీటింగ్ నీ పేరు మీద" అన్నాడు.

కొవ్వు సంఘం అంటే ఆయనా, ఆయన స్నేహితులూ. ఆ పేరు పెట్టింది దొర. అతను ఇళ్ళు కట్టించే కాంట్రాక్టరు. ఎక్కడికెళ్ళినా మంచి కుర్చీ వెతుక్కుని కూర్చుంటాడు కాబట్టి ఆ ముద్దుపేరు. మిగతా ఇద్దరూ బ్యాంకులో మేనేజరుగా చేసే బ్యాంకాయన, పళ్ళ డాక్టరైన అతని భార్య. నెలకో ఆదివారం, ఊళ్ళో పోర్క్ బాగా చేసే హోటల్ ఏదో పట్టుకుని, అక్కడ మధ్యాహ్నమంతా కూర్చుని తినడం ఈ సంఘం పని. పాపని తీసుకెళ్ళరు, గోల చేస్తుందని. అందుకని నెలనెలా ఆ ఆదివారానికి ఆమె అమ్మకి కబురెళ్తుంది. అమ్మ ముందురోజే బస్సెక్కి వచ్చి, పాపని చూసుకుని, మర్నాడు పొద్దున్నే వెళ్ళిపోతుంది.

ఈసారి మాత్రం ఆమె ఒక మాట అడిగింది. శనివారం పడుకునే ముందు, దుప్పటి దులుపుతూ అడిగింది.

"రేపు అమ్మని కూడా తీసుకెళ్దామండీ. పాపని ఒక్కపూట తెచ్చుకుందాం. ఏం కాదు."

ఆయన ఫోన్లోంచి తలెత్తాడు. "మీ అమ్మనా? అక్కడికా?"

"నాకోసం చేసే పార్టీ కదా. అమ్మ లేకపోతే నాకీ చదువెక్కడిది, ఉద్యోగమెక్కడిది?"

"అది కాదోయ్. ఆ కత్తులూ, ఫోర్కులూ, ఆ మాటలూ. ఆవిడకి అలవాటు ఉండదు. పాపం బిక్కచచ్చిపోతుంది. ఆవిడ మంచి కోసమే చెప్తున్నా." మళ్ళీ ఫోన్లోకి తల దించుకుని, "ఏదైనా పార్సిల్ కట్టించి తెద్దాంలే" అన్నాడు.

ఆవిడ మంచి కోసం! వంటింటి గోడ అవతల, చాప మీద పడుకున్న అమ్మకి ఆ మాటలు వినపడి ఉంటాయని ఆమెకి తెలుసు. ఆ ఇంట్లో గోడలు పలచన. అమ్మ దగ్గింది. ఊరికే, విన్నానని తెలియకుండా ఉండడానికి దగ్గే దగ్గు అది.

మనిషికి కోపం ఒక్కసారిగా రాదు. కొంచెం కొంచెంగా అడుగున పేరుకుంటుంది, మాడిన గిన్నెలాగ. పైపైన తోమితే పోయిందనిపిస్తుంది. ఆమె గిన్నె మాడ్డం మొదలై చాలా ఏళ్ళయింది. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు, చిన్నప్పుడు ఏం తినేవాళ్ళో సరదాగా చెప్పుకుంటూంటే, తన చిన్నతనంలోని ఆదివారాల గురించి చెప్పింది. ఊరి చివర, మురుగుకాలవకి ఇవతల, వాళ్ళ ఇంటి వెనక దొడ్డిలో అమ్మ పందుల్ని పెంచేది. నాన్న పోయాక అదే బతుకు. ఆదివారం తెల్లారకముందే అమ్మ మాంసం కొట్టి అమ్మకానికి పెట్టేది. అమ్ముడుపోగా మిగిలినదాన్ని కూర వండేది. స్కూల్లో పిల్లలు ఆమెని చూసి ముక్కు మూసుకునేవాళ్ళు, కానీ కూర ఉడుకుతున్న ఇంట్లో కూర్చుని పుస్తకం చదువుకుంటూంటే ఆ పిల్లలెవరూ గుర్తొచ్చేవాళ్ళు కాదు. తోలు తియ్యకూడదు, తోల్లోనే ఉంటుంది రుచంతా, అనేది అమ్మ. చిన్న మంట మీద, తోలు అద్దంలా మెరిసేదాకా ఉంచి, ఆ ముక్కలు ఏరి కూతురి కంచంలో వేసేది. "మరి నీకే?" అని అడిగితే, "నాకు బొమికలంటేనే ఇష్టమే" అని, ఒక్కో బొమికా పట్టుకుని, కొరికి, చీకి, శుభ్రంగా పక్కన పెట్టేది.

ఇదంతా ఆమె ప్రేమగా చెప్పింది. ఆయన విన్నంతసేపూ విని, "ఛీ, తోలా?" అన్నాడు. తర్వాత, "ఈ సంగతులు మా అమ్మ దగ్గర అనకు" అన్నాడు. అయినా ఆయన తల్లికి ఎలాగో తెలిసింది. "చదువుకున్న పిల్లని చేసుకున్నాం, అంతే. ఆ వంటలు మా గడప తొక్కకూడదు" అంది అత్తగారు. ఇప్పుడు ఆవిడ పెద్దకొడుకు దగ్గరుంటోంది, కానీ ఆవిడ మాటలు మాత్రం ఈ ఇంట్లోనే ఉండిపోయాయి.

పాప పుట్టినప్పుడు అమ్మ చూడ్డానికొచ్చింది. బాలింతకి బలమని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని, కూర డబ్బా తెచ్చింది. డబ్బా మూత ఊడకుండా పాత చున్నీతో చుట్టింది. అత్తగారు గుమ్మంలోనే, "ఏంటమ్మా అది? బయటే పెట్టు, లోపలికి తేకు" అంది. డబ్బా రోజంతా పెరటి మెట్టు మీద ఎండలో ఉంది. సాయంత్రానికి చీమలు పట్టాయి. అమ్మ డబ్బా ఖాళీ చేసి, బయట కుళాయి దగ్గర కడిగి, అదే చున్నీలో చుట్టి, సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆమె మంచం మీదనుంచి కిటికీలోంచి చూసింది. కుట్లు సలుపుతున్నాయి, లేవలేకపోయింది. "మీ అమ్మకి చెప్పు, మనుషులుండే ఇంటికి ఏది తేవాలో ఏది తేకూడదో" అన్నాడాయన ఆ రాత్రి.

ఆ తర్వాత ఆయన ఆఫీసు పని మీద ఎక్కడికో వెళ్ళాడు. అక్కడెవరో పెద్దమనిషి పెద్ద హోటల్‌కి తీసుకెళ్ళి పోర్క్ పెట్టించాడు. మనిషి మారిపోయి తిరిగొచ్చాడు. పంది అంటే మొహం చిట్లించినవాడు పోర్క్ అనేసరికి లొట్టలు వేశాడు. ఇంట్లో మాత్రం వండకూడదు, వాసన. హోటళ్ళలో తినాలి, నలుగురితో తినాలి, తింటూ దాని గురించి మాట్లాడాలి. ఆ మాటలు ఎక్కడివో ఎవరికీ తెలీదు. ఆమెకి తెలుసు.

ఆ ఆదివారం వాళ్ళు వెళ్ళిన హోటల్ ఇంటికి రెండు వీధుల అవతలే. బరువైన చెక్క బల్లలు, గోడకి వేలాడే రాగి గిన్నెలు, వంటగది తలుపు తెరుచుకున్నప్పుడల్లా బయటికి కొట్టే వేడీ, కొవ్వు కాలుతున్న వాసనా. ఆ వాసనకి ఆమె కాళ్ళు ఒక్క క్షణం ఆగాయి. అమ్మ వంటింటి వాసన అది.

ఇందాక ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు అమ్మ గుమ్మం దాకా వచ్చింది. చేతిలో చీపురు, వెనక పాప. "నిదానంగా తిని రండి, నేనున్నాగా" అంది. "నీకోసం మంచి ముక్క తెస్తానమ్మా" అంది ఆమె. "నాకెందుకే, నీ పార్టీ. నువ్వు కడుపునిండా తిను. నువ్వు తినేటప్పుడు మాటల్లో పడి తినవు" అంది అమ్మ.

మాటల్లో పడి కాదు, పనిలో పడి. బల్ల మీదికి ఒక్కొక్కటీ వచ్చాయి. చెక్క పలక మీద నిలబెట్టిన పందికాలు, పైన తోలు బంగారు రంగులో ఉబ్బి పగిలి ఉంది. పొరలు పొరలుగా మెరిసే పొట్టమాంసం. తీపీ కారం పూసి కాల్చిన పక్కటెముకలు. చిక్కుడుగింజలతో ఉడికిన కుండ ఒకటి, మూత తియ్యగానే ఆవిరి మొహాలకి కొట్టింది. అందరూ "ఆహా" అన్నారు. అని, అందరూ ఆమె వైపు చూశారు.

"వదినా, కొయ్యి. సూదులు పట్టే చెయ్యి, కత్తి నీ చేతిలోనే బాగుంటుంది" అన్నాడు దొర.

ప్రతిసారీ అంతే. కోసేది ఆమె, వడ్డించేది ఆమె. వడ్డించే పెద్దావిడ ఒకావిడ హోటల్లో ఉంది. "నేను కోస్తానమ్మా" అని ముందుకొచ్చింది కూడా. "పర్లేదు, మా ఆవిడ చూసుకుంటుంది" అన్నాడు ఆయన. పార్టీ ఆమెదే కదా అన్న సంగతి అప్పటికే ఎవరికీ గుర్తు లేదు.

బ్యాంకాయనకి గుర్తొచ్చింది, పాపం. "అవునూ చెల్లెమ్మా, ఇన్‌చార్జి అంటే నీ కింద ఎంతమంది ఇప్పుడు?"

ఆమె నోరు తెరిచేలోగా ఆయన అందుకున్నాడు. "కింద ఎంతమందున్నా, ఇంటికొస్తే నా కిందే!"

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే మొహం మాడ్చుకుందంటారు, నవ్వితే ఒప్పుకున్నట్టు. రెండోది తక్కువ గొడవ. పెళ్ళయిన ఆడది నవ్వే నవ్వుల్లో సగం ఇలాంటివే.

"తోలు పారేస్తున్నావేంటి దొరా?" అన్నాడు ఆయన, కుర్చీలో వెనక్కి వాలి. "తోలు తియ్యకూడదు. తోల్లోనే ఉంటుంది రుచంతా. చిన్న మంట మీద, అద్దంలా మెరిసేదాకా ఉంచాలి. అప్పుడే తెలుస్తుంది వండినవాడి చెయ్యి."

"అబ్బ! నీ దగ్గర కూర్చుంటే తినకుండానే నోరూరుతుంది గురూ. ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నావ్?"

"నేర్చుకునేదేముంది? నాలుకుండాలి, నాలుక."

ఆమె చేతిలో కత్తి ఒక్క క్షణం ఆగింది. పందికాలి తోలు మీద ఆగింది. అమ్మ మాట. అక్షరం పొల్లుపోకుండా అమ్మ మాట. ఆ మాట అన్న నోటిని గుమ్మం బయట ఆపేశారు, మాటని మాత్రం లోపలికి తెచ్చుకుని కుర్చీలో కూర్చోబెట్టారు. ఎవరైనా మన ఇంట్లో గిన్నె ఎత్తుకుపోతే కేకలు పెడతాం. మాట ఎత్తుకుపోతే ఎవరితో చెప్పుకోవాలి? ఆమె తోలు కోసింది. పెళపెళమని చప్పుడు. ఒక ముక్క బ్యాంకాయనకి, ఒకటి దొరకి, ఒకటి డాక్టరమ్మకి, పెద్దది ఆయనకి. కుండలోది గరిటెతో పంచింది. డాక్టరమ్మకి కొవ్వు తక్కువున్నది, దొరకి ఎక్కువున్నది. ఎవరి గ్లాసులో నీళ్ళయిపోయాయో చూసి పోసింది. తను కూర్చునేసరికి పలక మీద మిగిలింది ఎముకకి అంటుకున్న మాంసం. దాన్నే కంచంలో వేసుకుని, వేళ్ళతో పట్టుకుని కొరికింది.

"అలా బొమికలు పట్టుకుంటావేంటి, ఇంకోటి చెప్పనా?" అంది డాక్టరమ్మ.

"వద్దులెండి, నాకు బొమికలంటేనే ఇష్టం" అంది ఆమె.

అనేసింది. అన్నాక గాని వినపడలేదు తనకి. మొన్న ఇంట్లో కోడికూర వండినప్పుడు పాప అడిగితే కూడా ఇదే అంది. పాప తలూపి, ఇంకో బొమిక ఏరి ఆమె కంచంలో వేసింది, అమ్మకి ఇష్టం కదా అని. ఎక్కడినుంచి వచ్చింది తన నోట్లోకి ఈ మాట? తనకి బొమికలంటే ఇష్టమేం కాదు. ఎప్పుడూ కాదు.

మరి అమ్మకి?

ఇన్నేళ్ళూ ఈ ప్రశ్న ఆమె అడగలేదు. అమ్మకి ఇష్టం అనుకుంది. తోలుముక్క నోట్లో వేసుకుంటూ, ఎదురుగా అమ్మ ఒట్టి ఎముకని చీకుతుంటే, ఎంత ఇష్టమో కదా అనుకుంది. చదువుకున్నాక కూడా అదే అనుకుంది. మురిపెంగా మొగుడికి చెప్పుకుంది కూడా. ఎముక మీద పళ్ళు ఆగిపోయాయి.

సరిగ్గా అప్పుడే ఆయన వడ్డించే పెద్దావిడని చేత్తో పిలిచాడు. పలక మీదా, కంచాల్లోనూ మిగిలినవి చూపించాడు. సగం కొరికిన పక్కటెముకలు, దొర కంచంలోవి, బ్యాంకాయన కంచంలోవి, అన్నీ.

"ఇవన్నీ ఒక డబ్బాలో పెట్టివ్వండి."

"ఎవరికండీ?" అంది ఆమె.

"ఇంట్లో ఆవిడకి." గొంతు తగ్గించి, కానీ చాలా మామూలుగా చెప్పాడు. "బొమికలంటే ఇష్టం కదా ఆవిడకి, నువ్వే చెప్పావ్."

డాక్టరమ్మ మొహం విప్పారింది. "మీ ఆయాకా? ఎంత మంచివాళ్ళండీ మీరు! పనివాళ్ళని గుర్తుపెట్టుకునేవాళ్ళు ఈ రోజుల్లో ఎవరున్నారు? ఆ మధ్య నేను పాపకి బొమ్మ ఇవ్వడానికి వచ్చినప్పుడు ఆవిడే తలుపు తీసింది. ఎంత వినయం! మాకూ అలాంటి మనిషిని చూసిపెట్టమని మీవారికి అప్పుడే చెప్పాను. అన్నట్టు, ఎంతకాలం నుంచి చేస్తోంది మీ దగ్గర?"

ఆమె ఆయన వైపు చూసింది. ఆయన ఎముకల వైపు చూస్తున్నాడు. సరిదిద్దుతాడేమోనని ఆగింది. నిజంగా ఆగింది. అయ్యో కాదు, ఆవిడ మా అత్తగారు అని ఒక్క ముక్క. దానికేమీ పెద్ద ధైర్యం అక్కర్లేదు, నాలుకుంటే చాలు. రుచి తెలిసిన ఆ నాలుక నీళ్ళు నమిలింది.

తల కొట్టేసినట్టయింది ఆమెకి. అప్పుడు గుర్తొచ్చాయి ఒక్కొక్కటీ. స్నేహితులు వచ్చినప్పుడు ఆయన, "మీ అమ్మని కాసేపు లోపల పడుకోమను, పెద్దావిడ, అలసిపోయి ఉంటుంది" అన్నది. అమ్మ వచ్చేటప్పుడు కొత్త బట్టలు కడితే, "ఇంట్లో పాతవి చాల్లే, పాప పాడుచేస్తుంది" అన్నది. ఆవిడ మంచి కోసం. అన్నీ ఆవిడ మంచి కోసమే. నెలనెలా అమ్మ బస్సెక్కి వస్తే, ఈ మనిషికి దొరికింది మంచి ఆయా. జీతం లేదు, సెలవు లేదు, ఎదురుమాట లేదు. పైగా ఎంగిలి బొమికలంటే ఇష్టం! కోపం పాదాల్లోంచి పైకొచ్చింది. అది అరిచే కోపం కాదు. చేతులు వణకని కోపం. సూది పట్టుకున్నప్పుడు ఆమె చేతులు ఎంత నిలకడగా ఉంటాయో అంత నిలకడగా కత్తిని బల్ల మీద పెట్టింది.

"నేను పుట్టినప్పట్నించీ" అంది.

"అంటే?" అంది డాక్టరమ్మ.

"ఎంతకాలం నుంచి చేస్తోందని అడిగారుగా. నేను పుట్టినప్పట్నించీ చేస్తోంది. ఆవిడ మా అమ్మ."

దొర నములుతున్నవాడు నమలడం ఆపాడు.

"పందుల్ని పెంచేది. మాంసం తనే కొట్టి అమ్మేది. ఇందాక మీరు విన్న తోలు సంగతి ఆవిడ మాటే. ఈయన నాలుక కాదు."

"ఏంటిది, అందరి ముందూ!" ఆయన మొహం ఎర్రబడింది. "నేనేం అన్నాను? నేను ఆయా అని చెప్పానా? వాళ్ళే అలా అనుకున్నారు."

"వాళ్ళు అనుకున్నారు. మీరు అనుకోనిచ్చారు."

"చూడు, అనవసరంగా రచ్చ చెయ్యకు. నీకోసం పార్టీ చేస్తే..."

"నాకోసమేగా?" ఆమె లేచింది. వడ్డించే పెద్దావిడ డబ్బా పట్టుకుని అక్కడే నిలబడి ఉంది, ఎముకలు వెయ్యాలో వద్దో తెలీక. "అది వద్దమ్మా. ఆ కిటికీ పక్క బల్ల ఖాళీయేనా?"

"ఖాళీయే."

"ముగ్గురికి కంచాలు వెయ్యండి. పొట్టమాంసం చెప్పండి, తోలుతో, కొత్తది. నేను ఇప్పుడే వస్తాను."

ఎండలో రెండు వీధులు గబగబా నడిచింది. ఇంట్లో అమ్మ వంటింట్లో నిలబడి, పాప తినగా మిగిలిన అన్నం గిన్నెతోనే తింటోంది. సింకులో పొద్దున్న వదిలేసిన గిన్నెలన్నీ కడిగి బోర్లించి ఉన్నాయి. చెవి విరిగిన కప్పు కూడా.

"అప్పుడే వచ్చేశారేం? అల్లుడుగారేరి?"

"చెప్పులేసుకోమ్మా. పాపా, నువ్వూ వేసుకో. హోటల్‌కెళ్తున్నాం."

"నేనెందుకే! ఈ బట్టలతోనా? అల్లుడుగారు ఏమంటారు?"

"ఆయన అనాల్సింది అనేశాడు. కాదు, అనాల్సింది అనలేదు. అమ్మా, వాళ్ళందరూ నిన్ను మా ఇంట్లో ఆయా అనుకుంటున్నారు. ఈయన కాదని చెప్పలేదు."

అమ్మ గిన్నె కింద పెట్టింది. మూతి తుడుచుకుంది. "తెలుసే" అంది.

"తెలుసా?"

"ఆ డాక్టరమ్మ బొమ్మ తెచ్చిన రోజు తలుపు తీసి, నేను లోపలి గది తలుపు వెనకాలేగా ఉన్నది. ఈవిడ మీ ఆయానా అని అడిగింది ఆవిడ. అల్లుడుగారు ఊఁ అన్నారు. పోనీలే అనుకున్నా. నీ కాపురం చల్లగా ఉంటే చాలు. ఒక మాటకి అరిగిపోతానా నేను?"

"మరి ఎందుకొస్తున్నావమ్మా, అది తెలిసి కూడా నెలనెలా?"

"నిన్ను చూడొచ్చుగా."

ఆమెకి ఏడుపు రాలేదు. ఏడిస్తే కోపం కరిగిపోతుందని భయం వేసింది. ఈ కోపం ఆమెకి కావాలి. అమ్మ చేతిని పట్టుకుని బయటికి నడిపించింది, చిన్నప్పుడు స్కూలుకి వెళ్ళనని మొండికేస్తే అమ్మ తనని నడిపించినట్టు. పాప ముందు గెంతుకుంటూ వెళ్ళింది.

హోటల్లో ఏసీ కింద బల్ల దగ్గర వాళ్ళు ఇంకా కూర్చునే ఉన్నారు, చావింట్లో కూర్చున్నట్టు. ఆమె ఆ బల్ల వైపు వెళ్ళలేదు. కిటికీ పక్క కుర్చీలో అమ్మని కూర్చోబెట్టింది. అమ్మ కుర్చీ అంచునే కూర్చుంది, ఎప్పుడు లేవమంటారో అన్నట్టు.

డాక్టరమ్మ లేచి వచ్చింది. కళ్ళు ఎత్తలేకపోతోంది. "అమ్మా, తప్పయిపోయింది. నాకు తెలీదు."

"అయ్యో, అందులో ఏముందమ్మా" అంది అమ్మ కంగారుగా. "ఆయా చేసే పని కంటే నేను తక్కువ చేస్తున్నానా ఏంటి?" మామూలుగా అంది, ఓదార్చడానికి అంది. కానీ ఆ మాట ఏసీ కింద బల్ల దాకా వెళ్ళింది.

పొట్టమాంసం వచ్చింది. ఆమె తోలున్న పెద్ద ముక్క కోసి అమ్మ కంచంలో వేసింది. అమ్మ చెయ్యి దానంతటదే కదిలింది. ఆ ముక్కని ఎత్తి కూతురి కంచంలో వేసి, పలక మీద ఎముక కోసం వెతికింది.

"అమ్మమ్మకి బొమికలే ఇష్టం. అమ్మకి కూడా" అంది పాప, అన్నీ తెలిసినదానిలా.

"కాదు పాపా" అంది ఆమె. "అమ్మమ్మకి బొమికలంటే ఇష్టం లేదు. నాకూ లేదు. ముక్కలు తక్కువైనప్పుడు అలా చెప్తాం. ఈ రోజు తక్కువ లేవు." తోలుముక్కని మళ్ళీ అమ్మ కంచంలో వేసింది. "తినమ్మా. నువ్వు తినేదాకా నేను తినను."

అమ్మ చాలాసేపు ఆ ముక్కని చూసింది. తర్వాత నోట్లో పెట్టుకుంది. పెళుక్కుమంది. కళ్ళు మూసుకుని నమిలింది. నమిలి, "ఇంకాస్త సేపు ఉంచాల్సింది మంట మీద" అంది.

ఆయన వాళ్ళ బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు. స్నేహితులకి వీపు పెట్టి, పళ్ళ బిగువున అన్నాడు. "ఇంటికెళ్ళాక మాట్లాడదాం."

"మాట్లాడదాం" అంది ఆమె, తలెత్తకుండా, పాపకి ముక్క చిన్నగా కోస్తూ. "అమ్మ ఇంక మనింటికి పని ఉన్నప్పుడు రాదు. రావాలనిపించినప్పుడు వస్తుంది, వచ్చినప్పుడు మన మంచం మీద పడుకుంటుంది. మిగతావి నేను చెప్తాను. మీరు గిన్నెలు కడుగుతూ వినండి."

ఆ పూట తన కంచంలోకి ఆమె తనే వడ్డించుకుంది, తోలుతో సహా. వేడి చల్లారకముందే తింది. పెళ్ళయ్యాక అలా తినడం అదే మొదలు.

ఇక మీకొక మాట. ఈసారి మీరు ఎక్కడ భోజనానికి కూర్చున్నా, మంచి ముక్కలన్నీ అందరికీ పంచేసి, చివర్లో ఎముక పట్టుకుని, నాకివంటేనే ఇష్టం అనే ఆడమనిషి ఒకరు మీ బల్ల దగ్గర ఉంటారు. ఆమె మాట నమ్మకండి. ఊరి చివర దొడ్డిలో పందుల్ని పెంచి, తోలుముక్కలన్నీ కూతురి కంచంలో వేసి, ముసలితనంలో కిటికీ పక్కన కూర్చుని ఇన్నేళ్ళకి దాని రుచి చూసిన ఈ అమ్మని గుర్తు చేసుకోండి. గుర్తు చేసుకుని, మీ కంచంలోది తీసి ఆమెకి పెట్టండి.